హెరాల్డ్ బాడీ విప్పేసి కిట్ కారు కట్టొచ్చా?

చంద్రగిరి_కొట్టం: మా నాయన 1968 స్టాండర్డ్ హెరాల్డ్ పదిహేనేళ్లుగా పశువుల కొట్టంలో ఉంది. డోర్ల కింది అంచులు ముట్టుకుంటే బిస్కెట్‌లా విరుగుతున్నాయి. ఛాసిస్, అంటే కింది ఇనుప చట్రం, మాత్రం గట్టిది, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశా. పాత బాడీ తీసేసి, పైన రెండు సీట్ల ఫైబర్ బాడీ నేనే కట్టి కిట్ కారు చేయాలని ఉంది. తిరుపతిలో ఎవరైనా చేశారా?

పాతబండి_పెద్దాయన: వద్దు నాయనా. మద్రాసులో తయారైన కారు, మళ్లీ రాదు. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చారు. 20 వేలు కడితే పదేళ్లకు వీఏ సిరీస్ నంబరు ఇస్తారు. బాడీ మార్చావా, అది రాదు.

రేణిగుంట_బోల్టు: వీఏ నంబరుతో ఏం చేసుకుంటాడు? ఎగ్జిబిషన్లకి, ర్యాలీలకే గానీ రోజూ తిప్పకూడదు. హెరాల్డ్‌కి ఛాసిస్ వేరు, బాడీ వేరు. బోల్టులు తీస్తే లేచొస్తుంది. బ్రిటన్‌లో దాని మీద ఎన్ని కిట్ కార్లు కట్టారో! అంబాసిడర్‌కి బాడీ, ఛాసిస్ ఒకటే, దాంతో చేయమనండి చూద్దాం.

పాతబండి_పెద్దాయన: ఇది బ్రిటన్ కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చదువు. కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టూ చెప్పింది.

రేణిగుంట_బోల్టు: నాకే చెప్తారా? జీపుకి ఇంజిన్ మార్చి కాగితాల కోసం తొమ్మిది నెలలు తిరిగా. పోయినప్పుడల్లా ఇంకో జిరాక్స్ తెమ్మనేవాళ్లు.

పాతబండి_పెద్దాయన: అంటే కష్టమని నువ్వే ఒప్పుకున్నట్టేగా.

పుత్తూరు_007: ఫైబర్ బాడీకి పూసే రెసిన్ వాసనకి తల పగిలిపోతుంది. పశువులుంటే ముందు బయట కట్టేయండి.

రేణిగుంట_బోల్టు: కష్టమన్నా, కుదరదన్నానా? అసలు విషయం దాటేస్తున్నారు. రోజూ తిప్పలేని కారు ఎందుకు?

పాతబండి_పెద్దాయన: ఆ నీలం కారుని కోసి తొట్టిలాంటి బాడీ ఎక్కిస్తామంటే నేను చూస్తూ ఊరుకోవాలా?

చంద్రగిరి_కొట్టం: ఆగండి. నీలం అని నేనెక్కడ రాశాను? పోయిన సంక్రాంతికి వచ్చి మా అమ్మ చేతిలో ముప్పై వేలు పెట్టబోయింది మీరేనా?

పాతబండి_పెద్దాయన: నేనే. దొంగతనానికి రాలేదే! మీ నాయన పక్కన కూర్చుని నేను డ్రైవింగ్ నేర్చుకున్న కారు అది.

చంద్రగిరి_కొట్టం: నన్నైతే స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు. గీత పడితే వారం మాట్లాడేవాడు కాదు. మీకు నేర్పించాడా? బాగుంది. దాన్ని కొత్తదానిలా చేసి మళ్లీ అదే గుడ్డతో తుడుస్తూ కూర్చోమంటున్నారు మీరు. నాకు నా చేతులతో కట్టిన కారు కావాలి.

పాతబండి_పెద్దాయన: అయితే ఛాసిస్ వేరే తెచ్చుకో. దాన్ని వదిలెయ్.

రేణిగుంట_బోల్టు: వీఏ సంగతికి ఇంకా జవాబు రాలేదు.

మదనపల్లె_టమాటా: అన్నా, బాడీ తీస్తే ఆ ముందుకు తెరుచుకునే బానెట్ అమ్ముతారా? నా హెరాల్డ్‌కి లేదు.

చంద్రగిరి_కొట్టం: ఇంకా ఒక్క బోల్టూ విప్పలేదు తమ్ముడూ.