గోల్ఫ్ డ్రైవర్ ఎంపిక: దూరం, కచ్చితత్వం రెండూ పెరగాలంటే ఏం చూడాలి?

ప్రశ్న:
నేను కుడిచేతి వాటం గోల్ఫ్ ఆటగాడిని. స్వింగ్ వేగం గంటకు 90 మైళ్ల దగ్గర ఉంటుంది. ఇప్పుడు వాడుతున్న డ్రైవర్ (దూరపు దెబ్బలకు వాడే పొడవైన కర్ర) లాఫ్ట్, అంటే బంతిని తాకే ముఖం (ఫేస్) వెనక్కి వాలిన కోణం, 9 డిగ్రీలు; షాఫ్ట్, అంటే కాడ, స్టిఫ్ (తక్కువగా వంగే) రకం. బంతి తక్కువ ఎత్తులో వెళ్లి, చివరికి కుడివైపుకు తిరిగి రఫ్‌లో (పక్కనున్న పొడవైన గడ్డిలో) పడుతోంది. కొత్త డ్రైవర్ కొనాలని ఉంది గానీ, ప్రతి కంపెనీ తనదే ఎక్కువ దూరం కొడుతుందని చెబుతుండడంతో ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. అసలు ఏ అంశాన్ని ముందుగా చూడాలి?

మొదటి సమాధానం:
దూరం గురించిన ప్రకటనలను పక్కన పెట్టండి. గోల్ఫ్ నియమాలు రూపొందించే సంస్థలైన యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ నిబంధనల ప్రకారం డ్రైవర్ తల పరిమాణం 460 ఘన సెంటీమీటర్లకు మించకూడదు. ఫేస్ స్ప్రింగు గుణానికి కూడా పరిమితి ఉంది. కొత్త డ్రైవర్లన్నీ ఆ పరిమితి అంచునే తయారవుతున్నందున, బంతి ఫేస్ మధ్యలో తగిలినప్పుడు వాటి మధ్య తేడా చాలా స్వల్పం. అసలు తేడా గురి తప్పిన దెబ్బల్లోనే తెలుస్తుంది. బరువు వెనుక భాగంలో ఉన్న తల తక్కువగా మెలితిరుగుతుంది కనుక వేగం, దిశ రెండూ కొంత నిలుస్తాయి. బరువు ముందుకు జరిపిన తల స్పిన్ తగ్గిస్తుంది గానీ పొరపాటును అంతగా క్షమించదు. మీకు మొదటి రకమే తగినది. ప్రకటనల్లో కనిపించే ‘10కే’ (10 వేలు) అన్న సంఖ్య, తల మెలితిరగడాన్ని ఎంత అడ్డుకుంటుందో తెలిపే కొలతలో రెండు అక్షాల విలువలను కూడగా వచ్చినదని గుర్తుంచుకుంటే అంత అబ్బురంగా అనిపించదు.

రెండో సమాధానం:
కొనే ముందు ఫేస్ మీద పాదాలకు వాడే పౌడర్ స్ప్రేను పలుచగా కొట్టి కొన్ని బంతులు ఆడండి. తెల్లటి పూత మీద బంతి గుండ్రని ముద్ర స్పష్టంగా పడుతుంది. ముద్రలు షాఫ్ట్ వైపున, అంటే హీల్ దగ్గర పడుతుంటే, గేర్ ఎఫెక్ట్ వల్ల (తల మెలితిరుగుతూ బంతిని పళ్లచక్రంలా ఎదురు దిశలో తిప్పడం వల్ల) బంతికి కుడివైపు తిరిగే స్పిన్ వస్తుంది. అప్పుడు లోపం తలలో కాక షాఫ్ట్ పొడవులో ఉండే అవకాశం ఎక్కువ. దుకాణాల్లో దొరికే డ్రైవర్లు 45.5 అంగుళాలు, అంతకు పైబడి ఉండగా, ప్రొఫెషనల్ ఆటగాళ్లలో చాలామంది అంతకంటే పొట్టివే వాడతారు. అయితే షాఫ్ట్ కోయించినప్పుడు తల చేతికి తేలికగా అనిపిస్తుంది కనుక, తలకు కొంత బరువు చేర్చించుకోవాలి.

మూడో సమాధానం:
మీ వేగానికి 9 డిగ్రీలు తక్కువ, 10.5 నుంచి 12 వరకు ప్రయత్నించండి. సర్దుబాటు హోజెల్‌తో (షాఫ్ట్, తల కలిసే భాగం) లాఫ్ట్ పెంచితే ఫేస్ కాస్త మూసుకుంటుంది, అదీ మీకు అనుకూలమే. షాఫ్ట్‌పై ఉండే ఆర్ (రెగ్యులర్), ఎస్ (స్టిఫ్) అక్షరాలకు అన్ని కంపెనీలకూ వర్తించే ఒకే ప్రమాణం లేదు, కాబట్టి అక్షరాన్ని చూసి కొనకండి. లాంచ్ మానిటర్ (బంతి వేగం, స్పిన్, దూరం కొలిచే పరికరం) దగ్గర మీ పాత డ్రైవర్‌ను కూడా ఆడి, అన్నిటికంటే దూరం వెళ్లిన దెబ్బను కాక సగటు క్యారీని (బంతి నేలను తాకేవరకు గాలిలో వెళ్లే దూరాన్ని), బంతులు ఎంత వెడల్పున చెదిరాయన్నదాన్ని పోల్చండి.

ప్రశ్న అడిగినవారు:
స్ప్రే కొట్టి చూశాను. ముద్రలు దాదాపు అన్నీ హీల్ వైపే పడ్డాయి. అయితే పొట్టి షాఫ్ట్‌తో ముందు ఇదే డ్రైవర్‌ను పరీక్షించవచ్చా?

రెండో సమాధానం ఇచ్చినవారు:
వచ్చు. కోయించనవసరం లేకుండా, గ్రిప్‌ను అర అంగుళం కిందికి పట్టుకుని ఆడండి. ముద్రలు మధ్యకు జరిగితే కొత్తదాన్ని 45 అంగుళాలకు, 10.5 డిగ్రీలకు అడగండి. జరగకపోతే బంతికి మీరు నిలబడే దూరాన్ని శిక్షకుడికి చూపించాకే డబ్బు ఖర్చు పెట్టండి.