డిస్క్ పెట్టే పీఎస్5 కొననా, డిస్క్ లేనిదా?

నరసాపురం_నాని:
మా అబ్బాయికి పదకొండేళ్లు. సంక్రాంతికి పీఎస్5 (సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 5 గేమ్ మెషిన్) కొంటానని మాటిచ్చాను. డిస్క్ డ్రైవ్ లేని, గేమ్‌లు నెట్‌లోనే కొని డౌన్‌లోడ్ చేసుకునే డిజిటల్ మోడల్ తక్కువకి వస్తుంది. షాపతను కూడా "డిస్కులు ఇప్పుడెవరు వాడుతున్నారండీ" అన్నాడు. నాకు మాత్రం మనసొప్పడం లేదు.

చిన్నప్పుడు మా ఇంట్లో వీడియో గేమ్‌కి ఒక్కటే కేసెట్, మారియో. సఖినేటిపల్లిలో మా బావ దగ్గర కాంట్రా. ఆదివారం నా కేసెట్‌ని పాలిథిన్ కవర్లో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, సైకిల్‌తో సహా పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటేవాణ్ణి. సాయంత్రం కాంట్రాతో ఇంటికి. ఆడకపోతే కేసెట్ అడుగున బంగారు రంగు పళ్ల మీద ఉఫ్‌మని ఊది మళ్లీ గుచ్చేవాళ్లం. మావాడికి ఈ ఇచ్చిపుచ్చుకోవడం లేకుండా పోతుందేమోనని బెంగ.

కొత్తదనం వద్దనడం లేదు. భీమవరంలో ఫ్రెండ్ ఇంట్లో పీఎస్5లో ఆస్ట్రోస్ ప్లేరూమ్ అనే గేమ్ ఆడాను. బొమ్మ ఇసుకలో నడిస్తే చేతికి ఒకలా, రేకు మీద నడిస్తే ఇంకోలా తెలుస్తోంది. స్ప్రింగ్ నొక్కే చోట కంట్రోలర్‌కి వేలి దగ్గరుండే ట్రిగ్గర్ బటన్ నిజంగానే వేలికి ఎదురు తన్నింది. ఆ తర్వాత పెట్టిన గేమ్‌లో మాత్రం మామూలు వణుకే. అంత మంచి కంట్రోలర్ చేతికిచ్చి పాత ఆటే ఆడించడం దేనికి?

కోనసీమ_కుర్రోడు:
అన్నా, ఆస్ట్రో ఆ కంట్రోలర్ కోసమే చేసిన గేమ్. మిగతా కంపెనీలవాళ్లు తమ గేమ్‌ని మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ మెషిన్‌లోనూ అమ్ముకోవాలి, అక్కడ ఆ ట్రిగ్గర్ లేదు. అందుకే ఆటంతా దాని మీద ఆధారపడేలా చెయ్యరు. నింటెండోనే చూడు. 2006లో వీ (Wii) అనే గేమ్ మెషిన్ తెచ్చి, దాని రిమోట్‌ని బ్యాట్‌లా ఊపమన్నారు, ఊపితేనే ఆట. 10 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. 2012లో తర్వాతి మెషిన్ వీ యూ (Wii U) కంట్రోలర్‌కి ఏకంగా స్క్రీనే పెట్టారు, అది కోటిన్నర కూడా దాటలేదు. ఆ స్క్రీన్ ఎందుకో చాలా గేమ్‌లు చూపించలేకపోయాయి.

అత్తిలి_అక్క:
నాని తమ్ముడూ, నువ్వు మారియోని నడిపించిన ప్లస్ గుర్తు బటన్ కూడా ఒకప్పుడు కొత్తదే. 1982లో నింటెండో ఇంజినీర్ గున్‌పెయ్ యోకోయ్ చేతిలో పట్టుకుని ఆడే బుల్లి గేమ్ కోసం తయారుచేశాడు. చూడకుండానే బొటనవేలికి దిక్కు తెలుస్తుంది. మీవాడి పీఎస్5 కంట్రోలర్ మీద ఎడం పక్కన చూడు, అదే బటన్. ట్రిగ్గర్‌కి కూడా కాస్త టైమివ్వు.

లంకల_రాజు:
నాని గారూ, డిస్క్ ఉన్నదే తీసుకోండి. దీనికి ముందొచ్చిన పీఎస్4 డిస్కులు కూడా దాదాపు అన్నీ ఆడతాయి, సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతాయి. డిజిటల్‌లో కొన్నది పక్కింటి పిల్లాడికి ఇవ్వలేరు. మొన్న గాలివానకి మా ఊళ్లో కొబ్బరిచెట్టు పడి కేబుల్ తెగింది. నాలుగు రోజులు నెట్ లేదు. పిల్లలు ఎదురింటి నుంచి డిస్క్ తెచ్చుకుని ఆడారు. ఇప్పుడొస్తున్న స్లిమ్ డిజిటల్ మోడల్‌కి డ్రైవ్ తర్వాత విడిగా కొని తగిలించుకోవచ్చు, కాకపోతే మొదటిసారి తగిలించినప్పుడు నెట్ కావాలి. నింటెండో వాళ్ల స్విచ్ 2 మెషిన్ వైపు చూస్తే మాత్రం గేమ్ అట్ట మీద గేమ్-కీ కార్డ్ అని ఉందేమో చూసుకోండి. ఆ కార్డులో గేమ్ ఉండదు, తాళంచెవే ఉంటుంది. గేమ్ డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందే.

నరసాపురం_నాని:
చాలా థాంక్స్. డిస్క్ ఉన్నదే తీసుకుంటున్నా. మా బావ కొడుక్కీ పీఎస్5 ఉంది. వాడి దగ్గర ఏ డిస్కులున్నాయో రాసి పంపమన్నా.