దోస్తు పోయిండు, ఆయన దోస్తు ఇంట్లకొచ్చిండు: ఆడ్రీ చేసింది కరెక్టేనా?

ఓరుగల్లు_పోరడు:
రాత్రి ‘థింగ్స్ వి లాస్ట్ ఇన్ ద ఫైర్’ చూసిన. 2007ల వచ్చింది, డైరెక్టర్ సుసానె బియర్. ఎవడో పెండ్లాన్ని కొడుతుంటే ఆపబోయి బ్రయాన్ తూటాకు పోతడు. ఆయన పాత దోస్తు జెర్రీ హెరాయిన్‌కు బానిస. బ్రయాన్ భార్య ఆడ్రీ ఆ జెర్రీనే తెచ్చి గ్యారేజీ పక్క అర్రల పెడతది. ఇంట్ల ఇద్దరు చిన్న పిల్లలు! మన హన్మకొండల ఎవరన్న ఇట్ల చేస్తరా? నా లెక్కల తప్పే.

సర్వపిండి:
చెయ్యరు. వాడకట్టు ఊకుంటదా? గని తప్పెట్లంటవ్? దినాలైనంక సుట్టాలు ఎవరిండ్లకు వాళ్లు పోతరు. బ్రయాన్ గురించి ఆమెతోని ముచ్చట పెట్టెటోడు జెర్రీ ఒక్కడే. నిద్ర పట్టక, మొగడు పట్టుకున్నట్టు చెవి తమ్మె పట్టుకొమ్మని అడుగుతది సూడు, ఆ సీన్ల నాకు వేరే ఆలోచనే రాలే.

ఓరుగల్లు_పోరడు:
ఆమె పిలగానికి జెర్రీ నీళ్లల్ల తల ముంచుడు నేర్పితే, ఆడ్రీ ఆయన మీదనే కోపంతోని పడ్డది గదా! అది సాయం గాదు, వాడుకునుడు. ఎల్లగొట్టినంక మళ్ల మత్తుల పడ్డడు.

కరీంనగర్_వదినె:
వాడుకున్నది, నిజమే. మా బాపు పోయిన నాడు ఇడ్లీలు సల్లగున్నయని నేను మా మేనత్త మీద పడ్డ. ఆమె ఏమనలే పాపం.

మంచిర్యాల_మామ:
నా బుగులు వేరే. జెర్రీకి మత్తు దిగేటప్పుడు ఆడ్రీ, ఆమె తోడబుట్టినోడు ఇంట్లనే కాపలుంటరు. హెరాయిన్ దిగుడు నరకమే గని పాణం తీసుడు తక్కువ. మన కల్తీ కల్లు అట్ల గాదు. 2015ల దాడులైనప్పుడు యాదికుందా? ఆల్ప్రజోలం అనే నిద్రమందు కలిపిన కల్లు ఒక్కపారి బందైతే నిజామాబాద్ దిక్కు జనం ఏందేందో మాట్లాడుకుంట దవాఖానల పాలైండ్రు. మా చిన్నబాపును మేం గూడ అర్రల ఏసి గొళ్లెం పెట్టినం, రెండొద్దులల్ల దిగుతదని. రెండో దినం ఫిట్స్ వచ్చినయ్. సిన్మా సూసి ఎవరు గట్ల చెయ్యకుండ్రి. దవాఖానకు తోల్కపోండ్రి, లేకుంటే మత్తు మాన్పించే సర్కారు హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ కొట్టుండ్రి, పైసలు పడయి.

సర్వపిండి:
అయితే ఆడ్రీ తప్పు తెచ్చుకునుడు గాదు, ఇంట్లనే దించుదామనుకునుడు. ఆఖరికి జెర్రీ చికిత్సకు పోయిండు గదా.

ఓరుగల్లు_పోరడు:
మామా, చిన్నబాపు ఇప్పుడెట్లున్నడు?

మంచిర్యాల_మామ:
మంచిగనే ఉన్నడు. తాటివనం దిక్కు పోడు. చిన్నమ్మే, ఇప్పటికీ ఆ అర్రకు గొళ్లెం పెట్టనియ్యది.

ఓరుగల్లు_పోరడు:
సంతోషం మామా. అయినా తెచ్చుకునుడు గూడ తప్పే అంట నేను. పిల్లలున్నరు.