అప్‌డేట్: రాత్రిపూట గుడ్డ డైపర్ కారడం ఆగింది

పాపకు నేను కుట్టిన గుడ్డ డైపర్లు రాత్రిళ్లు తొడల దగ్గర కారుతున్నాయని అడిగాను కదా. అసలు దొంగ ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ (ఉతికేటప్పుడు బట్టలు మెత్తబడటానికి వేసేది)! అది నూలుకు పూతలా పట్టి తడి పీల్చనివ్వదు. అది మానేసి, వేడినీళ్లలో నాలుగైదుసార్లు ఉతికాక తేడా తెలిసింది.

కాళ్ల దగ్గర ఎలాస్టిక్ కూడా వదులైంది. మొదట మరీ బిగించేసరికి తొడల మీద ఎర్రగా గీతలు పడ్డాయి, పాపం. మళ్లీ విప్పి, వేలు దూరేంత వదులు ఉంచి కుట్టాను (కుట్టడం కంటే విప్పడమే నరకం). లోపల పాత కాటన్ టీషర్టు మడత అదనంగా పెడుతున్నాను. తడి పీల్చడానికి లోపల వేసిన మైక్రోఫైబర్ (సింథటిక్ గుడ్డ) ముక్క ఒంటికి తగిలితే చర్మం పొడిబారుతుంది, అందుకే దాన్ని కాటన్ కింద ఉంచాను.

మూడు రాత్రులుగా పక్క తడవలేదు. నడుము దగ్గర వెల్‌క్రో మాత్రం ఇంకా ఊడుతూనే ఉంది, ప్రెస్ బటన్లు వేయాలి.