కీళ్లవాతం: శల్లకి, పసుపు సారం మొదలెట్టి మెథోట్రెక్సేట్ ఆపేయొచ్చా?

పెన్నేటిగట్టు: అమ్మకి 58. రుమటాయిడ్, అదే కీళ్లవాతం, అని తేలి మూడేళ్లు. జబ్బును అదుపులో ఉంచడానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్ర. వేసుకున్న మర్నాడంతా వికారం, అన్నం సయించదు. బాబాయి శల్లకి (ఒక చెట్టు జిగురు), పసుపు సారం డబ్బాలు తెచ్చి "ఆ విషం ఆపెయ్ వదినా" అంటున్నాడు. ఎవరైనా వాడారా?

వేపపుల్ల: వాడాను. మోకాళ్ల నొప్పితో పదేళ్లు బాధపడ్డా. మూడు నెలల శల్లకితో మెట్లెక్కుతున్నా. నిక్షేపంలా ఆపేయండి.

ల్యాబుకోటు: మీది అరుగుదల అయ్యుంటుంది. కీళ్లవాతం వేరు. అందులో ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థే కీలు పొర మీద పడుతుంది. శల్లకి జిగురులోని బాస్వెల్లిక్ ఆమ్లాలు వాపు పుట్టించే ఒక ఎంజైమును అడ్డుకుంటాయి, మోకాళ్ల అరుగుదలలో కొంత ఉపశమనం కనిపించింది కూడా. కీళ్లు వంకరపోకుండా ఆపుతుందని మాత్రం ఎవరూ చూపలేదు. పసుపు సంగతికొస్తే, 2012లో 45 మంది కీళ్లవాతం రోగుల మీద పసుపులో ఉండే కర్కుమిన్‌ని డైక్లోఫినాక్‌తో పోల్చారు, కర్కుమినే మెరుగనిపించింది. కానీ డైక్లోఫినాక్ నొప్పిబిళ్ల. మెథోట్రెక్సేట్‌తో పోటీ పెట్టలేదు.

వేపపుల్ల: మా ఇంట్లో రోజూ పాలల్లో చెంచా పసుపు.

ల్యాబుకోటు: చెంచాకి 3 గ్రాములు. కర్కుమిన్ నూటికి మూడు పాళ్లనుకుంటే 90 మిల్లీగ్రాములు. ఆ పరీక్షలో ఒక్క మోతాదే 500. మిరియం తోడు లేకపోతే అదీ రక్తంలోకి పెద్దగా ఎక్కదు.

వేపపుల్ల: మూడని ఎవరన్నారు? మాది దుగ్గిరాల. మంచి కొమ్ములో ఐదుంటుంది.

ల్యాబుకోటు: ఐదే అనుకోండి. 150.

వేపపుల్ల: రెండు చెంచాలేస్తాం!

ఊరకేచూస్తా: మీరిద్దరూ చెంచాలు కొలుచుకుంటూ కూర్చోండి. వాళ్లడిగింది మాత్ర గురించి.

గుంటగలగర: కోయంబత్తూరు పరీక్ష సంగతి ఎత్తరేం? 2011లో అచ్చయింది. 43 మంది, కొందరికి ఆయుర్వేదం, కొందరికి మెథోట్రెక్సేట్, కొందరికి రెండూ. మూడు జట్లకీ ఇంచుమించు ఒకే గుణం.

ల్యాబుకోటు: ఎత్తకపోవడం నా తప్పే. అయితే జట్టుకి సగటున పద్నాలుగు మందే. తేడా ఉన్నా దొరకదు. పైగా అక్కడ వైద్యులు మనిషిని బట్టి మందు ఇచ్చారు. బాబాయి డబ్బా కాదది.

వేపపుల్ల: మందుల కంపెనీ నెలకెంతిస్తోందండీ తమరికి?

ల్యాబుకోటు: మా అక్క మాత్రలు మానేసి పేరులేని పొట్లాల పొడి వాడింది. నెలకే లేచి నడిచింది. మొహం గుండ్రంగా ఉబ్బింది, షుగరొచ్చింది. పొడిని పరీక్ష చేయిస్తే స్టెరాయిడ్. ఇవాళ గ్లాసు వేళ్లతో పట్టుకోలేదు, రెండు అరచేతుల మధ్య నొక్కిపట్టి తాగుతుంది. ఇదీ నాకు ముట్టింది.

వేపపుల్ల: ఆ మాట అనకుండా ఉండాల్సింది. మా ఆవిడకీ కీళ్లవాతమేనండీ. మూడు గంటలు కూర్చుంటే డాక్టరు మూడు నిమిషాలు చూశాడు. వికారమంటే తలెత్తకుండా "అంతే, అలవాటవుతుంది" అన్నాడు. ఆయుర్వేదం ఆయన చెయ్యి పట్టుకుని అరగంట విన్నాడు.

ల్యాబుకోటు: వినడం మంచిదే. మాత్ర ఆపమనడం?

వేపపుల్ల: ఆయన ఆపమనలేదు. నేనే ఆపించా. రెండు నెలలైంది.

ఊరకేచూస్తా: ఇప్పుడెలా ఉన్నారు?

వేపపుల్ల: పొద్దున లేచాక పిడికిలి ముడవడానికి గంట పడుతోంది.

ల్యాబుకోటు: ఈ వారమే చూపించండి. వేరే డాక్టరైనా సరే. శల్లకి, పసుపు సారం వాడుతుంటే దాచొద్దు. పసుపు సారాలతో, ముఖ్యంగా మిరియం కలిపినవాటితో, కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. మెథోట్రెక్సేట్ భారమూ కాలేయం మీదే. వికారానికి ఫోలిక్ యాసిడ్ రాస్తారు, చాలామందికి తగ్గుతుంది. పెన్నేటిగట్టు గారూ, అమ్మగారి చీటీలో అది ఉందా?

పెన్నేటిగట్టు: ఉంది. అమ్మ "ఏదో విటమినులే" అని ఫ్రిజ్ మీద పెట్టేసింది. ఒక్క బిళ్ల కూడా తియ్యలేదు.