హీలా రివర్ రిజర్వేషన్‌లో షుగర్ అవగాహన క్లాసులు పెట్టాలనుంది, ఎలా మొదలుపెట్టాలి?

చాండ్లర్_డైటీషియన్:
అందరికీ నమస్తే. మేం అరిజోనాలో ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉంటాం. మా ఊరు దాటగానే హీలా రివర్ రిజర్వేషన్, అంటే అమెరికా మూలవాసుల సొంత ప్రాంతం, అకిమెల్ ఓఓదం అనే ట్రైబ్ వాళ్లది, బయటివాళ్లు పిమాలు అంటారు. అక్కడ షుగర్ చాలా ఎక్కువని చదువుకునే రోజుల నుంచీ వింటున్నా. మా తెలుగువాళ్లం కొందరం కలిసి నెలకో శనివారం వెళ్లి ఉచితంగా షుగర్ టెస్టులు చేసి, ఏం తినాలో చెబుదామని అనుకుంటున్నాం, స్లైడ్లు కూడా తయారుచేస్తున్నా. వాళ్లు వింటారంటారా?

ఎడారి_నర్సు:
మంచి ఆలోచనేనండీ, కానీ స్లైడ్లు పక్కన పెట్టండి. 1965 నుంచి అమెరికా ప్రభుత్వ పరిశోధకులు అక్కడ దశాబ్దాల పాటు వాళ్ల షుగర్ మీద పరిశోధన చేశారు, ఇంట్లో ఎవరో ఒకరు డయాలసిస్‌కి వెళ్లడం చూస్తూ పెరిగిన పిల్లలున్నారు, షుగరంటే ఏంటో మనం వెళ్లి చెప్పక్కర్లేదు. ముందు నీళ్ల సంగతి తెలుసుకోండి. హీలా నది నుంచి కాలవలు తవ్వుకుని మొక్కజొన్న, గుమ్మడి, టెపరీ చిక్కుళ్లు, గోధుమలు పండించి బయటికి కూడా అమ్మిన రైతులు వాళ్లు. 19వ శతాబ్దం చివర్లో ఎగువన వచ్చి స్థిరపడ్డవాళ్లు నీళ్లు మళ్లించేసుకుంటే పొలాలు ఎండిపోయాయి, ఆకలి చావులొచ్చాయి, ఆ తర్వాత ప్రభుత్వం పంచిన పిండి, పంది కొవ్వు, పంచదార తిని బతికారు. ఆ పిండిని కొవ్వులో వేయించి చేసే ఫ్రై బ్రెడ్ అలా వచ్చిన తిండే. అది మానేయమని మనం చెబితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

రవి_టెంపీ:
వాళ్లకి షుగర్ ఎక్కువ ఉండేది జీన్స్ (జన్యువులు) వల్ల కదా? కాలేజీలో అలాగే చెప్పారు.

ఎడారి_నర్సు:
జీన్స్ పాత్ర ఉంది, కాదనను. కానీ సరిహద్దు అవతల మెక్సికో కొండల్లో వీళ్ల బంధువులే ఉన్నారు, ఇంకా సేద్యం చేసుకుంటూ ఒళ్లు వంచి పనిచేస్తారు. 2006లో అచ్చయిన పరిశోధనలో వాళ్లలో షుగర్ 6.9 శాతం, అరిజోనా పిమాల్లో 38. అంతా జీన్సే అంటే ఆ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?

పల్లె_డాక్టర్:
ఇంకో విషయం. టెస్టులు మీ అంతట మీరు వెళ్లి చేయకండి, ట్రైబ్ అనుమతి లేకుండా అసలే వద్దు. గ్రాండ్ కాన్యన్‌లోని హవసుపాయి అనే మరో ట్రైబ్ వాళ్లు 1990లలో షుగర్ కోసమని రక్తం ఇస్తే, దాన్ని వేరే పరిశోధనలకీ వాడారని తెలిసి కోర్టుకెళ్లారు, 2010లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వైపు నుంచి 7 లక్షల డాలర్ల పరిహారంతో కేసు ముగిసింది. ఆ భయం ఊరికే పోదు.

వాళ్ల పని వాళ్లే చాలా బాగా చేసుకుంటున్నారు కూడా. 1997లో మొదలైన ప్రభుత్వ ప్రత్యేక డయాబెటిస్ కార్యక్రమం డబ్బుతో దేశంలోని ట్రైబులు సొంతంగా క్లినిక్కులు, నడక బృందాలు, వంట క్లాసులు నడుపుతున్నాయి. మూలవాసుల్లో షుగర్ వల్ల వచ్చే కిడ్నీ ఫెయిల్యూర్ 1996, 2013 మధ్య 54 శాతం తగ్గింది. ఎంత పెద్ద విజయమో, మనవాళ్లకి తెలియనే తెలియదు! కాబట్టి ముందు ట్రైబ్ ఆరోగ్య విభాగానికి ఫోన్ చేసి, 'మీకు ఏ పనికి మనుషులు కావాలి' అని అడగండి. ఇంటింటికీ తిరిగే సొంత ఆరోగ్య కార్యకర్తలు వాళ్లకున్నారు. కుర్చీలు సర్దమంటే సర్దండి.

చాండ్లర్_డైటీషియన్:
చాలా థ్యాంక్స్ అండీ. సోమవారం ఫోన్ చేస్తా. టెపరీ చిక్కుళ్లు ఇక్కడ అమ్ముతారు కదా, వండటం తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఎడారి_నర్సు:
రాత్రంతా నానబెట్టి సన్నటి సెగ మీద గంటల తరబడి ఉడకనివ్వండి. మిగతాది అక్కడి పెద్దావిడల్ని అడిగితేనే బాగుంటుంది.