రంగు వేయబోయే కిటికీ పట్టీలకు ఏది మంచిది?

ప్రశ్న (నల్లగొండ):
కొత్త ఇంట్లో కిటికీల చుట్టూ గది లోపలి వైపు పట్టీలు కొట్టించి, తెల్ల ఎనామెల్ రంగు వేయించాలనుకుంటున్నాము. వడ్రంగి గారు టేకు వాడమంటున్నారు, దుకాణదారు ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక) చాలంటున్నారు. వానాకాలంలో పడమటి కిటికీల నుంచి జల్లు లోపలికి కొడుతుంది. తెలిసినవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు (మహబూబ్‌నగర్):
రంగు కింద దాగిపోయే పనికి టేకు వాడడానికి నాకు మనసొప్పదు; దాని అందమంతా చారల్లోనే ఉంది, పైగా ఆ చెక్కలోని సహజ తైలం వల్ల ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) సరిగా పట్టకపోవచ్చు. ఎండీఎఫ్‌కు ముడులు, చారలు ఉండవు కాబట్టి రంగు అద్దంలా నునుపుగా వస్తుంది, కానీ కోసిన అంచులు నీటిని పీల్చుకొని ఉబ్బుతాయి, ఉబ్బినది మళ్లీ మునుపటిలా కాదు. అందువల్ల జల్లు తగలని కిటికీలకే దానిని వాడి, అంచులకు 2 పూతలు ప్రైమర్ వేయించండి. పడమటి కిటికీలకు, ముఖ్యంగా కింది గట్టుకు, చెద పట్టని పీవీసీ ఫోమ్ బోర్డు (తేలికైన ప్లాస్టిక్ పలక) తీసుకోండి. వేసవి ఎండకు అది వ్యాకోచిస్తుంది కనుక ముదురు రంగులు పనికిరావు. మీరు తెలుపు ఎంచుకోవడం మంచిదైంది.

జవాబు (మిర్యాలగూడ):
పైన్ చెక్కను కూడా పరిశీలించవచ్చు. దాని ముడుల నుంచి జిగురు ఊరి తెల్ల రంగుపై పసుపు మరకలు తేలతాయి కాబట్టి, ముందుగా వాటిపై షెల్లాక్ (లక్కతో చేసిన వార్నిష్) పూత వేయించండి.

జవాబు (వనపర్తి):
పట్టీకీ గోడకూ మధ్య సందులో మామూలు సిలికాన్ నింపనివ్వకండి, దానిపై రంగు నిలవదు. రంగు పట్టే యాక్రిలిక్ సీలెంట్ (సందులు పూడ్చే ముద్ద) తెప్పించండి. ప్లాస్టరు పూర్తిగా ఆరకముందే బిగిస్తే ఏ చెక్కయినా తేమ పీలుస్తుంది కాబట్టి తొందరపడకండి, పట్టీల వెనుక వైపు కూడా ప్రైమర్ వేశాకే బిగించమని వడ్రంగి గారికి గట్టిగా చెప్పండి.